దారిస్తే... నీరే తోముతుంది!

వేలకు వేలు పోసి డిష్‌వాషర్ కొంటాం. తీరా తలుపు తీసి చూస్తే గ్లాసు అడుగున కాఫీ మడ్డి, గరిటె వెనక ఎండిన పప్పు... ఎక్కడివక్కడే! ‘మన వంటలకి ఇది పనికిరాదు’ అని తీర్మానించేసి మళ్లీ పీచూ సబ్బూ అందుకుంటాం. నిజానికి చాలాసార్లు తప్పు యంత్రానిదీ కాదు, వంటలదీ కాదు. గిన్నెలు సర్దిన తీరుది. ఆ సర్దడంలోని కిటుకు తెలిస్తే అదే యంత్రంలో అవే గిన్నెలు తళతళలాడతాయి.

ఉదయం టిఫిన్‌కి ఇడ్లీ అనుకుంటే ఇడ్లీ రేకులు, కుక్కర్, పిండి గిన్నె, చట్నీ జార్, పోపు గరిటె. కాఫీకి పాలగిన్నె, ఫిల్టరు, గ్లాసులు. మధ్యాహ్నానికి అన్నం గిన్నె, పప్పు గిన్నె, కూర మూకుడు, చారు గిన్నె, పెరుగు గిన్నె. వాటికి తలా ఒక మూత, తలా ఒక గరిటె. పిల్లల లంచ్ బాక్సులు, పెద్దల కంచాలు. రాత్రికి మళ్లీ మొదలు. నలుగురున్న ఇంట్లో రోజు గడిచేసరికి సింకు నిండి గట్టు మీదికి పొంగడం మామూలే. వండటం ఒక ఎత్తయితే అంట్లు తోమడం మరో ఎత్తు. వంటని మెచ్చుకునేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఉంటారు. అంట్లు బాగా తోమావని మాత్రం ఎవరూ అనరు!

పనమ్మాయి రాని రోజున ఆ బరువు ఇంట్లో ఎవరి మీద పడుతుందో వేరే చెప్పక్కర్లేదు. 2020లో కరోనా లాక్‌డౌన్‌తో పనివాళ్లు రాలేని పరిస్థితి వచ్చినప్పుడు అది ఇంటింటి అనుభవమైంది. అంతవరకూ మన దగ్గర పెద్దగా ఎవరూ అడగని డిష్‌వాషర్లకి ఒక్కసారిగా గిరాకీ పెరిగింది అప్పుడే. అలా ఇళ్లలోకి వచ్చిన వాటిలో కొన్ని రోజూ పనిచేస్తుంటే, మరికొన్ని మూతలూ డబ్బాలూ దాచుకునే అలమరాలైపోయాయి. అమెరికాలో ఈ కథ ఇంకా పాతది. అక్కడ వంటగదిలో డిష్‌వాషర్ ఉన్నా, గిన్నెలన్నీ సింకులో చేత్తో కడిగేసి నీళ్లు ఓడ్చడానికి మాత్రం అందులో బోర్లించే తెలుగిళ్లు కనిపిస్తుంటాయి. కారణం అడిగితే ఇక్కడైనా అక్కడైనా ఒకటే మాట... ‘సరిగా కడగదండీ!’

లోపల ఏం జరుగుతుంది?

ఎందుకు సరిగా కడగదో తెలియాలంటే తలుపు మూశాక లోపల ఏం జరుగుతుందో తెలియాలి. చాలామంది అనుకున్నట్టు అక్కడ బ్రష్షులేవీ ఉండవు. పీచు ఉండదు. గిన్నెని అటూ ఇటూ తిప్పే ఏర్పాటేదీ ఉండదు. గిన్నె పెట్టిన చోటే కదలకుండా ఉంటుంది. కదిలేది నీరొక్కటే.

ముందు అడుగుభాగంలోకి మూడు నాలుగు లీటర్ల నీరు వచ్చి చేరుతుంది. హీటర్ దాన్ని వేడిచేస్తుంది. పంపు ఆ నీటిని ఫ్యాను రెక్కల్లాంటి గొట్టాల్లోకి నెడుతుంది. కింది బుట్ట అడుగున ఒక రెక్క, పై బుట్ట అడుగున మరొకటి ఉంటాయి. కొన్ని మోడళ్లలో కప్పు దగ్గర ఇంకోటి కూడా ఉంటుంది. రెక్కకున్న సన్నని రంధ్రాల్లోంచి నీరు ఏటవాలుగా చిమ్ముతుంటే ఆ తోపుకి రెక్క గిర్రున తిరుగుతుంది. దీపావళి భూచక్రం నిప్పులు చిమ్ముతూ తిరిగినట్టే! గిన్నెలకి తగిలి కిందికి జారిన నీరు జల్లెడలో వడకట్టుకుని మళ్లీ పంపులోకి వెళుతుంది. అదే నీరు అలా పదేపదే తిరుగుతుంది. ఆ తర్వాత మురికినీటిని బయటికి పంపి, కొత్త నీటితో జాడించి, చివర్లో వేడినీటితో మరోసారి కడిగి ఆరబెడుతుంది.

అంటే మన చేతిలో పీచు చేసే పనిని ఇక్కడ మూడు కలిసి చేస్తాయి. చిమ్మే నీటి తాకిడి, వేడి, డిటర్జెంట్. మూడింటికీ షరతు ఒక్కటే... అవి మురికిని తాకాలి. చేతికైతే మూలలు తెలుస్తాయి. నీటికి తెలియవు. ఒక కంచం వెనక ఇంకో కంచం నక్కితే వెతికి పట్టుకోలేదు. రెక్క ఉన్న చోటు నుంచి చూస్తే గిన్నెలో మురికిగా ఉన్న వైపు కనిపించాలి. కనిపించకపోతే అది వదలడం కష్టం. సర్దడం గురించి ఎన్ని సూత్రాలు చెప్పుకున్నా అన్నీ ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతాయి.

తీగల బుట్టతోనే మొదలు

ఈ మాట యంత్రం పుట్టుకలోనే ఉంది. గిన్నెలు కడిగే యంత్రానికి అమెరికాలో 1850లోనే ఒకాయన పేటెంట్ తీసుకున్నాడు. చెక్కతో చేసిన దాన్ని చేత్తో తిప్పితే గిన్నెల మీద నీళ్లు చిలకరించేది. పెద్దగా ఉపయోగపడలేదు. పనికొచ్చే యంత్రాన్ని తయారుచేసింది ఇలినాయ్ రాష్ట్రం షెల్బీవిల్‌కి చెందిన జోసెఫిన్ కాక్రేన్. ఖరీదైన పింగాణీ పళ్లాలు కడిగేటప్పుడు అంచులు పెచ్చులూడిపోతున్నాయన్నది ఆమె బాధ. 1883లో భర్త చనిపోయాక అప్పులు మిగిలాయి. దాంతో బాధగా మొదలైన ఆలోచన బతుకుతెరువుగా మారింది.

ఆమె ముందు చేసిన పనేమిటో తెలుసా? పళ్లాలు, కప్పులు, సాసర్ల కొలతలు తీసుకోవడం! ఏ గిన్నెకి ఆ గిన్నె సరిగ్గా నిలబడేలా తీగలతో అరలు అల్లించింది. వాటిని రాగి బాయిలర్‌లో పడుకోబెట్టిన చక్రం చుట్టూ అమర్చింది. రుద్దే సాధనాల జోలికి వెళ్లకుండా వేగంగా తగిలే సబ్బునీటినే నమ్ముకుంది. 1886 డిసెంబరు 28న పేటెంట్ వచ్చింది. 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆ యంత్రానికి బహుమతి కూడా దక్కింది. స్వామి వివేకానంద ప్రసంగించిన సర్వమత మహాసభ జరిగింది ఆ ప్రదర్శన సందర్భంగానే.

మొదట్లో కొన్నది హోటళ్లే. అమెరికాలో కూడా మామూలు ఇళ్లలోకి విరివిగా రావడానికి 1950లు దాటాల్సి వచ్చింది. మోటార్లు, మీటలు, డిజిటల్ తెరలు తర్వాత వచ్చి చేరినవే. గిన్నెని కదలకుండా నిలబెట్టి నీటికి ఎదురుగా ఉంచాలన్న ఆలోచన మాత్రం అప్పటి తీగల అరలదే.

జిడ్డువి కింద... తేలికవి పైన

ఇక సర్దడం సంగతికొద్దాం. సాధారణంగా కింది బుట్టకి తగిలే నీటి తాకిడి ఎక్కువ. కాబట్టి జిడ్డు పట్టిన మూకుడు, కూర గిన్నెలు, కంచాలు కిందే ఉండాలి. గ్లాసులు, కప్పులు, చిన్న గిన్నెలు, ప్లాస్టిక్ డబ్బాలు పైన. కొన్ని మోడళ్లలో హీటర్ అడుగున బయటికే ఉంటుంది. ప్లాస్టిక్‌ని కింద పెడితే ఆ వేడికి వంకర తిరిగే ప్రమాదముంది. తేలికపాటి డబ్బా నీటి తాకిడికి ఎగిరి తిరగబడిందంటే కడిగిన నీళ్లన్నీ అందులోనే నిలిచిపోతాయి. అందుకే దాన్ని రెండు తీగల మధ్య బిగువుగా ఉంచాలి.

ఏ గిన్నెనైనా మురికి వైపు కిందికో, బుట్ట మధ్యభాగం వైపుకో తిరిగి ఉండాలి. పూర్తిగా బోర్లిస్తే అడుగున గుంట ఉన్న గ్లాసుల మీద నీళ్లు నిలుస్తాయి. కాస్త వాలుగా పెడితే జారిపోతాయి. గ్లాసుని తీగ మీద గుచ్చినట్టు కాకుండా రెండు తీగల వరసల మధ్య ఆనించాలి. గాజు గ్లాసులైతే ఒకదానికొకటి తగలకుండా చూసుకోవాలి. కదలికకి అంచులు పెచ్చులూడతాయి.

చెంచాలతో ఇంకో ఇబ్బంది. రెండు స్టీలు చెంచాలు పక్కపక్కన చేరితే ఒకదాని ఒడిలో ఒకటి సరిగ్గా ఇమిడిపోతాయి. మధ్యలోకి చుక్క నీరు పోదు. ఒకటి తల పైకి, ఒకటి తల కిందికి ఉంటే అతుక్కోవు. చాకులు మాత్రం ఎప్పుడూ మొన కిందికే. తీసేటప్పుడు చెయ్యి తెగకుండా, బుట్ట లాగినప్పుడు పక్కనున్న పిల్లలకి తగలకుండా ఉంటుంది. పొడుగు గరిటెలు, అట్లకాడలు నిలబెడితే కొసలు రెక్కకి అడ్డం పడతాయి. వాటిని పై బుట్టలో పడుకోబెట్టాలి. మూడో అర ఉన్న మోడళ్లలో వాటి చోటు అదే.

ఎవరి మరక ఎక్కడ ఉండాలన్న దాని మీద పరిశోధన కూడా జరిగింది. బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వాళ్లు యంత్రం లోపల నీరు ఏ దారిలో పోతోందో రేడియోధార్మిక కణం సాయంతో గమనించి 2015లో ఆ వివరాలు ప్రకటించారు. వాళ్లు తేల్చిందేమంటే... పిండి పదార్థాల మరకలు వదలాలంటే నీటి తాకిడి బలంగా ఉండాలి. గుడ్డు లాంటి ప్రొటీన్ మరకలు డిటర్జెంట్‌లో నాని ఉబ్బితే వదులుతాయి. కాబట్టి అన్నం, దుంపకూర అంటినవి నీరు బలంగా తగిలే మధ్యభాగంలో, గుడ్డు అంటినవి అంచుల్లో ఉంటే మంచిదట.

కుక్కరూ ఇడ్లీ రేకులూ ఎలా?

మనవాళ్లకి ఎదురయ్యే అసలు చిక్కు వేరే ఉంది. ‘12 ప్లేస్ సెట్టింగ్స్’, ‘14 ప్లేస్ సెట్టింగ్స్’ అని డబ్బా మీద ఉండే లెక్క యూరప్ భోజనాల బల్లది. పలచని పళ్లాలు, కప్పులు, ఫోర్కులు పన్నెండుమందికి సరిపడా పడతాయని దానర్థం. అంచు ఎత్తుగా ఉండే మన స్టీలు కంచాలు, లోతైన గిన్నెలు, మూకుళ్లు ఆ లెక్కలోకి రావు. ‘పద్నాలుగు మందివి పడతాయన్నారు కదా’ అని కుక్కేస్తే దేనికీ నీరందదు.

అంచున్న కంచాలకి వరసగా ప్రతి సందూ వాడకుండా ఒకటి విడిచి ఒకటి వాడాలి. అప్పుడు నాలుగు తగ్గినా పెట్టినవన్నీ శుభ్రపడతాయి. చాలా మోడళ్లలో కింది బుట్టలోని తీగలు కొన్నిటిని మడిచేయొచ్చు. మడిస్తే మూకుడు, తపేలా, స్టీలు కుక్కర్ పట్టేంత చోటు వస్తుంది. పై బుట్టని పైకీ కిందికీ జరుపుకునే వీలూ కొన్నిటిలో ఉంటుంది. యంత్రం కొన్న రోజున ఈ రెండూ ఎలా చేయాలో చూపించుకుంటే సగం సమస్య తీరుతుంది.

మూకుడు బోర్లా పడుకోబెడితే అది గొడుగులా విచ్చుకుని పై బుట్టకి నీరందకుండా చేస్తుంది. పక్కగా, లోపలి వైపు మధ్యకి తిరిగేలా వాల్చి పెట్టాలి. ఇడ్లీ రేకుల్ని స్టాండు నుంచి విడదీసి కంచాల్లాగే ఒక్కోటీ నిలబెట్టాలి. కుక్కర్‌ స్టీలుదే అయినా గాస్కెట్, వెయిట్ తీసేసి చేత్తోనే కడగాలి. మూత సంగతి కంపెనీ పుస్తకంలో చూసుకోవాలి. లంచ్ బాక్సుల మూతలకుండే రబ్బరు రింగులు కూడా తీసి విడిగా కడిగితేనే లోపల చేరిన పులుసు వాసన పోతుంది. పెద్ద పళ్లెం, వెడల్పు మూత లాంటివి డిటర్జెంట్ పెట్టే గడి ఎదురుగా ఉండకూడదు. ఆ గడి తలుపు తెరుచుకోక బిళ్ల అందులోనే ఉండిపోతుంది. అప్పుడు జరిగేది వేడినీటి స్నానమే!

కడగొద్దు... దులిపితే చాలు

‘ముందే ఓసారి కడిగి పెట్టాలట. అలాంటప్పుడు యంత్రమెందుకు?’ అన్నది ఇంకో మాట. నిజానికి కడగక్కర్లేదు. కంచంలోని కరివేపాకు, ఎండుమిర్చి, మునక్కాయ పిప్పి, చింతపండు తొక్కు, ఎముకలు చెత్తబుట్టలోకి దులిపేస్తే చాలు. డిటర్జెంట్‌లో పిండి పదార్థాల్ని విడగొట్టే ఎంజైములు, ప్రొటీన్లని విడగొట్టేవి విడివిడిగా ఉంటాయి. పలచగా అంటుకున్న పప్పూ పెరుగూ వాటికి లెక్కకాదు. కొన్ని మోడళ్లలో నీటి మురికిని బట్టి ఎంతసేపు కడగాలో నిర్ణయించే సెన్సర్లు కూడా ఉంటాయి. ముందే తళతళలాడేలా కడిగి పెడితే మీ నీళ్లూ శ్రమా దండగ.

రెండింటికి మాత్రం మినహాయింపు. అడుగంటిన అన్నం, మాడిన పాలగిన్నె. వీటిని ముందు నానబెట్టి, గట్టి పొరని గరిటెతో గీకేసి పెట్టాలి. మధ్యాహ్నం గిన్నెల్ని రాత్రి దాకా ఎండనివ్వకుండా అప్పటికప్పుడే లోపల సర్దేసి తలుపు మూస్తే మరక గట్టిపడటం తగ్గుతుంది. అప్పుడే తిప్పేందుకు సరిపడా గిన్నెలు లేకపోతే నీటితో జాడించే చిన్న ప్రోగ్రామ్ కొన్ని యంత్రాల్లో ఉంటుంది.

ఎంత దులిపినా పోపులోని ఆవాలు కొన్ని లోపలికి వెళతాయి. అవి అడుగునున్న జల్లెడలో చేరతాయి. కింది బుట్ట బయటికి తీస్తే జల్లెడ కనిపిస్తుంది. తిప్పి పైకి లాగితే వస్తుంది. వారానికోసారి కుళాయి కింద పాత బ్రష్షుతో రుద్ది కడగాలి. అది మూసుకుపోతే మురికినీరే మళ్లీ మళ్లీ గిన్నెల మీద పడుతుంది. రెక్క రంధ్రాల్లో ఆవగింజ ఇరుక్కుంటే ఆ రంధ్రం నుంచి నీరు రాదు. టూత్‌పిక్‌తో తీసేయొచ్చు.

ఉప్పు ఎందుకు?

మన దగ్గర దొరికే చాలా డిష్‌వాషర్లలో ఉప్పు పోసే గది ఒకటి ఉంటుంది. ఆ ఉప్పు గిన్నెల్ని తోమడానికి కాదు. నీటిలోని కాల్షియం, మెగ్నీషియంలని పట్టుకునే రెజిన్ గుళికలు లోపల ఉంటాయి. అవి నిండిపోయినప్పుడు ఉప్పునీటితో జాడిస్తే మళ్లీ పనికొస్తాయి. ఇంట్లో వాడే మెత్తటి అయోడిన్ ఉప్పు ఇందుకు పనికిరాదు. డిష్‌వాషర్ ఉప్పే పోయాలి.

నీటి కాఠిన్యం ఎంతో చూసి యంత్రంలో ఆ అంకె పెట్టుకోవడం చాలామంది మరిచిపోయే పని. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన పరిమితి లీటరుకు 200 మిల్లీగ్రాములు. వేరే నీరు దొరకనిచోట 600 దాకా అనుమతి ఉంది. గాజు గ్లాసు మీద తెల్లటి పొర కట్టడానికి అంతక్కర్లేదు. 180 దాటితేనే చాలా కఠినమైన నీటి కింద లెక్క. హైదరాబాద్‌లో కుళాయిలో కృష్ణా, గోదావరి నీరు వచ్చే ఇంటికీ, బోరు నీరు వాడే అపార్ట్‌మెంట్‌కీ ఒకే అంకె సరిపోదు. ఎండాకాలంలో ట్యాంకర్ మొదలైతే అదే ఇంట్లో అంకె మారొచ్చు. టీడీఎస్ మీటరు చూపించేది నీటిలో కరిగిన అన్ని లవణాల మొత్తం. అది కాఠిన్యం లెక్క కాదు. కాఠిన్యాన్ని చూసే కాగితపు పట్టీలు వేరే ఉంటాయి.

రిన్స్ ఎయిడ్ అనే ద్రవం పని ఇంకోటి. అది నీరు చుక్కలు కట్టకుండా పలచటి పొరలా జారిపోయేలా చేస్తుంది. చుక్క ఎండితేనే కదా మచ్చ! సింకు దగ్గర వాడే గిన్నెల సబ్బు ద్రవాన్ని మాత్రం పొరపాటున కూడా యంత్రంలో పోయకూడదు. నురగ నిండిపోయి పంపు సరిగా నీరు చిమ్మలేదు. ఆ నురగ తలుపు సందుల్లోంచి వంటింట్లోకి వచ్చినా రావచ్చు.

వీటిని పెట్టొద్దు

● సత్తు గిన్నెలు, అల్యూమినియం కుక్కర్లు. డిటర్జెంట్‌లోని క్షారం వాటి పైపొరని తినేస్తుంది. నల్లబడతాయి.
● ఇత్తడి, రాగి, వెండి. మెరుపు పోతుంది.
● చెక్క గరిటెలు, కవ్వం, చపాతీ పీట. నీరు పీల్చి పగుళ్లిస్తాయి.
● ఇనప పెనం, పోత ఇనుము మూకుడు. నూనె పట్టించి పట్టించి తెచ్చిన నునుపంతా ఒక్క వాష్‌తో పోయి తుప్పు పడుతుంది.
● మిక్సీ జార్లు. బ్లేడు కింది బేరింగులోకి వేడినీరు, క్షారం చేరితే పాడవుతుంది. కంపెనీ పుస్తకం ఒప్పుకుంటేనే పెట్టాలి.
● నాన్‌స్టిక్ పెనాలు. పెట్టొచ్చని రాసి ఉంటే తప్ప చేత్తో కడగడమే మేలు.

మరక చెప్పే కథ

ఒకసారి సరిగా రాలేదని యంత్రాన్ని తిట్టుకునేముందు మరక ఎక్కడ ఉందో చూడాలి. కారణం అదే చెబుతుంది.

పై బుట్టలో గ్లాసులన్నీ మురికిగానే ఉన్నాయా? కింద ఏదో పొడుగు గిన్నె రెక్కని ఆపేసి ఉంటుంది. లేదా మూకుడు అడ్డంపడి ఉంటుంది. ఒక్క గిన్నెలోనే మురికి మిగిలిందా? దానికి ఎదురుగా ఇంకోటి నిలబడి ఉంటుంది. గిన్నెలన్నిటికీ సన్నటి ఇసుకలాంటి నలకలు అంటాయా? జల్లెడ చూడాలి. గాజు మీద తెల్లటి పొర ఉండి, వెనిగర్‌తో రుద్దితే పోతే అది నీటి కాఠిన్యం. ఎంత రుద్దినా పోకపోతే గాజే అరిగి మసకబారిందని అర్థం. అది మళ్లీ మామూలు కాదు. జిడ్డు వదల్లేదా? తక్కువ సమయం ప్రోగ్రామ్ పెట్టి ఉంటారు. మూకుళ్లకి 70 డిగ్రీల వేడి ప్రోగ్రామ్ ఉంటే అది పెట్టాలి. ప్లాస్టిక్ డబ్బాకి పసుపు రంగు మిగిలిందా? పసుపులోని కర్‌క్యుమిన్ నూనెతో కలిసి ప్లాస్టిక్‌లోకి ఇంకిపోతుంది. దానికి మందు యంత్రంలో లేదు. డాబా మీద ఎండలో పెడితే వెలిసిపోతుంది.

ప్లాస్టిక్ డబ్బాలు తడిగా రావడం కూడా లోపం కాదు. స్టీలు, పింగాణీ వేడిని పట్టి ఉంచి ఆ వేడికే ఆరతాయి. ప్లాస్టిక్ త్వరగా చల్లబడిపోతుంది. పని పూర్తయ్యాక తలుపు కాస్త తెరిచి ఉంచితే ఆవిరి పోతుంది. గిన్నెలు తీసేటప్పుడు ముందు కింది బుట్ట ఖాళీ చేయాలి. లేకపోతే పైన కప్పుల మీద నిలిచిన నీళ్లు కింది పొడి కంచాల మీద ఒలుకుతాయి.

నీళ్లెన్ని... కరెంటెంత?

జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయం వాళ్లు యూరప్‌లోని ఏడు దేశాల నుంచి 113 మందిని పిలిచి పన్నెండుమంది భోజనం చేసిన సామగ్రిని చేత్తో కడిగించారు. సగటున 103 లీటర్ల నీళ్లు ఖర్చయ్యాయి. ఇప్పటి డిష్‌వాషర్ ఒక విడతకు సుమారు 10 నుంచి 15 లీటర్లు వాడుతుంది. అలాగని ఈ లెక్కని మనింటికి ఉన్నదున్నట్టు వర్తింపజేయలేం. కుళాయి విప్పి ఉంచి కడిగేవాళ్లకి ఆదా ఎక్కువ. టబ్బులో తోమి బకెట్ నీటితో జాడించేవాళ్లకి తక్కువ. కరెంటులో ఎక్కువ భాగం నీళ్లు కాగడానికే పోతుంది. అందుకే తక్కువ వేడితో ఎక్కువసేపు నడిచే ఎకో ప్రోగ్రామ్‌కి మూడు గంటలు పట్టినా కరెంటు తక్కువే తింటుంది. ఆదా నిజంగా కావాలంటే బుట్ట నిండాక తిప్పాలి. నిండటమంటే కుక్కడం కాదు, సందులుంటూ నిండటం.

ఇంటిల్లిపాది పని

2019లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన సర్వే ప్రకారం దేశంలో జీతం లేని ఇంటి పనులు చేసే ఆడవాళ్లు వాటికి రోజుకి సగటున 299 నిమిషాలు వెచ్చించారు. ఆ పనులు చేసే మగవాళ్ల లెక్క 97 నిమిషాలే. ఇంటికి డిష్‌వాషర్ రాగానే ఈ అంకెలు వాటంతటవే మారిపోవు. తోమే పని యంత్రానిదైనా దులపడం, సర్దడం, తీసి అలమరాలో పెట్టడం మనుషులదే. ఆ మూడూ ఒక్కరి మీదే పడితే ‘దీనికన్నా చేత్తో తోముకోవడమే నయం’ అనిపించడంలో వింతేముంది?

పైగా చాలా ఇళ్లలో ఇంకో తంతు. ఒకరు సర్దుతారు. ఇంకొకరు వచ్చి నిట్టూర్చి అవన్నీ తీసి మళ్లీ సర్దుతారు. సర్దినవాళ్లు రెండోసారి ఆ పక్కకి రారు! సర్దడం బరువుపని కాదు. పదేళ్ల పిల్లలు చాకుల జోలికి వెళ్లకుండా తమ కంచం, గ్లాసు తామే పెట్టేయొచ్చు. నడుం వంచలేని తాతయ్య పై బుట్ట చూసుకోవచ్చు. కావాల్సిందల్లా ఎందుకలా పెట్టాలో అందరికీ తెలియడం. ‘నాన్నా, ఆ కంచానికి నీళ్లెలా తగులుతాయి?’ అని పిల్లలు అడిగేదాకా వస్తే ఇక ఎవరు సర్దినా ఒకటే.

మీట నొక్కేముందు అరనిమిషం చాలు. కింది రెక్కని వేలితో ఒకసారి తిప్పాలి. ఎక్కడా తగలకుండా చుట్టూ తిరగాలి. పై రెక్కనీ అలాగే చూడాలి. ఒక గిన్నె ఒడిలో ఇంకోటి చేరిందేమో, డిటర్జెంట్ గడికి ఏదైనా అడ్డముందేమో చూసి తలుపు మూయాలి. ఒకటి రెండు గిన్నెలు పట్టకపోతే వాటిని చేత్తో కడిగేయడమే తెలివి. ఇరికించిన ఆ రెండిటి వల్ల మిగతా ఇరవైకీ నీటి దారి మూసుకుపోతుంది మరి!